శెట్టిగారి పేరున వచ్చే లైటు బిల్లు

నా చిన్నప్పుడు మా ఇంట్లో దేవుడి పటాలకంటే ఎక్కువ భయం ఒక కాగితమంటే ఉండేది. అది ఖాతా కాగితం. ఈ ఇంటికి ఫలానా మనిషి అని కార్పొరేషను వాళ్లు పుస్తకంలో పేరు రాసుకుని ఇచ్చేది. దాన్ని మా చిన్నాన్న బీరువాలో పెట్టి తాళం వేసుకునేవాడు.

డెబ్బైల నాటి మాట. నగరం నడిబొడ్డున నగర్తపేటలో ఒక సన్న సందులో మా ఇల్లు. మా తాతయ్య జరీ అంగడి నడిపి, ఒక శెట్టిగారి దగ్గర కొన్న ఇల్లు అది. నాయనమ్మ ముందే పోయింది; తాతయ్య కూడా పోయాక ఆయనకున్న ఇద్దరే బిడ్డలు, మా నాన్న, చిన్నాన్న, పంచుకోకుండా కలిసే ఉన్నారు. నాకు ఏడో ఏడు నడుస్తుండగా నాన్న పోయాడు. నెల తిరక్కముందే చిన్నాన్న ఏదో కాగితం తెచ్చి, "ఖాతా మార్చల్ల వదినా, ఈడ వేలు పెట్టు" అన్నాడు. అమ్మకు చదువు లేదు. చూపించిన చోట వేలు పెట్టింది.

ఆ తర్వాత మేము ముందు గదిలోంచి వెనక గదిలోకి మారాం. ఆ గదికి కిటికీ లేదు. జరీ చుట్టిన కండెలు, తుప్పు పట్టిన ట్రంకు పెట్టెలు, వాటి నడుమ అమ్మ, నేను, తమ్ముడు. వీధిలోకి రావాలంటే చిన్నాన్న పడుకునే గది దాటాలి. ఆయన గడియ వేసుకుంటే మేము లోపలే. ఆయన లేచేదాకా పలక సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుని, బడికి ఆలస్యంగా పోయి బెత్తం దెబ్బలు తిన్న రోజులు నాకు బాగా గుర్తు. అమ్మ ఎప్పుడైనా నోరు తెరిస్తే ఒకటే జవాబు వచ్చేది. "ఖాతా నా పేరున ఉండాది. ఉండనిచ్చినందుకు ఉండండి." అమ్మకు పుట్టింట్లో ఎవరూ మిగల్లేదు. ఎక్కడికి పోతుంది?

అలా మూడేళ్లు గడిచాయి. ఒకరోజు చిన్నాన్న ఇల్లు అమ్మేస్తున్నానని చెప్పాడు. బట్టల వ్యాపారి ఒకాయన ఆదివారం వచ్చి బేరం ఖాయమని ఆకువక్క మార్చుకుంటాడట. మాకు ఊరి బయట చందాపుర దగ్గర ఒక రేకుల గది చూశాడట. ఆ వారమంతా అమ్మ తోమిన గిన్నెలే మళ్లీ మళ్లీ తోమింది.

పక్కింటి అక్క ఒక లాయరు దగ్గర టైపు కొట్టేది. మా సందులో ఆమెకు నోరు పెద్దదని పేరు. వాళ్ల కొళాయి దగ్గర నీళ్లు పడుతూ నేను సంగతంతా చెప్పేశాను. తాతయ్య ఆస్తి గురించి ఏమైనా రాసిపెట్టాడా అని అమ్మను అడిగి రమ్మంది. అడిగి వచ్చి, ఏమీ రాయలేదట అని చెప్పాను. అక్క, "మీ లైటు బిల్లు ఒకటి తెచ్చియ్యి పాపా" అంది. బిల్లులు గుచ్చిపెట్టే కమ్మి చిన్నాన్న గదిలో ఉండేది. ఆయన స్నానానికి పోయినప్పుడు ఒకటి లాగి గౌనులో దాచుకున్నాను. ఆ సాయంత్రమే కొళాయి దగ్గర అక్క చేతికి ఇచ్చాను.

ఆదివారం వ్యాపారి వచ్చాడు. పెద్దమనిషిగా ఎదురింటి తాతను కూర్చోబెట్టారు. చాప మీద ఆకువక్క తట్ట, పక్కనే ఖాతా కాగితం. మేము తలుపు వెనక నిలబడి ఉన్నాం. అప్పుడు అక్క చేతిలో గ్లాసుతో, పెరుగు తోడుకోసం వచ్చినదానిలా వచ్చింది.

"ఏమన్నా, ఇల్లు అమ్ముతాండావంట?"

"నా ఇల్లు, అమ్ముకుంటా. ఖాతా చూడు, ఎవురి పేరున ఉండాదో."

"చూసినా. మల్ల లైటు బిల్లు శెట్టిగారి పేరున వస్తాది కదన్నా. సంతకానికి ఆయన్ని పిలిపించినావా?"

ఎదురింటి తాత నవ్వాడు. "ఆ శెట్టి పోయి ఎన్నేండ్లాయ తల్లీ."

"పోయినా బిల్లు ఆయన పేరుకే వస్తాది తాతా. కాగితంలో పేరుంటే ఇల్లు వాళ్లదే అంటాండాడు మా అన్న. అట్లయితే ఇది శెట్టిగారిదే కదా?"

చిన్నాన్న ముఖం మాడ్చుకుని బిల్లూ ఖాతా ఒకటేనా అన్నాడు.

"ఒకటేనన్నా. అది కరెంటుకు ఎవురిని అడగాలో రాసుకున్న పేరు. ఇది పన్నుకు ఎవురిని అడగాలో రాసుకున్న పేరు. ఇల్లు ఎవురిదో చెప్పేది మీ నాయన ఇల్లు కొన్నప్పటి క్రయపత్రం. అది తీ."

వ్యాపారి కూడా అదే అడిగాడు. తీయక తప్పలేదు. అందులో ఉన్నది తాతయ్య పేరు ఒక్కటే. అప్పుడు అక్క నెమ్మదిగా, పాఠం చెప్పినట్టు చెప్పింది. తాతయ్య ఏమీ రాయకుండా పోయాడు కాబట్టి ఇద్దరు కొడుకులకూ చెరిసగం. పెద్దకొడుకు సగం ఆయన భార్యకూ బిడ్డలకూ. ఆ బిడ్డలు మైనర్లు, కోర్టు ఒప్పుకోనిదే వాళ్ల భాగం ఎవరూ అమ్మలేరు. చిన్నాన్న తన సగం అమ్ముకోవచ్చు. తనది కానిది ఆయన ఇస్తానన్నా, ఇంకొకరు తీసుకున్నా అది చేతులు మారదు.

వ్యాపారి తలుపు వెనక ఉన్న మమ్మల్ని చూశాడు. "సగం ఇల్లు కొని నేనేం చేసుకునేదప్పా" అంటూ లేచాడు. ఆకువక్క ముట్టుకోలేదు.

అమ్మ మూడేళ్లలో మొదటిసారి ముందు గదిలో నలుగురి మధ్యకు వచ్చి నిలబడింది. "నేను వేలు పెట్టినా కదా పాపా, దాంతో పోలేదా?" అని పక్కింటి అక్కను అడిగింది.

"పన్ను కాగితం మీద పెడితే ఇల్లు పోదక్కా. నా వాటా వదులుకుంటాండా అని రాసిచ్చి, రిజిస్ట్రారు ఎదురుగా ఒప్పుకుంటేనే పోతాది."

ఎదురింటి తాత తల ఊపి, "అవునమ్మా, నాకూ తెలుసు. నన్నెవురూ అడగలే" అన్నాడు.

అమ్మ ఆయన వైపు చూసిన చూపు నేను ఇప్పటికీ మరచిపోలేదు. కోపం కాదు. నీళ్లలో మునుగుతున్న మనిషి గట్టుమీద ఊరికే కూర్చున్న వాళ్లను చూసినట్టు చూసింది. ఆ తర్వాత నేలమీద కూలబడి ఏడ్చింది.

చిన్నాన్న ఆ రోజుతో మారిపోయాడని చెబితే అబద్ధమవుతుంది. ఏళ్ల తరబడి మాతో మాట్లాడలేదు. నడిమధ్యన గోడ లేచింది. మా సగంలోకి వెలుతురు తక్కువే వచ్చేది, కానీ పొమ్మనేవాళ్లు లేరు.

చాలా ఏళ్లకు, నా భర్త పోయాక, మేముంటున్న ఇంటి ఖాతా పెద్దకొడుకు పేరున మార్చాం. ఆ పూట చిన్నకోడలు పప్పు ఏరుకుంటూ తల ఎత్తకుండా కూర్చుంది. ఏమీ అడగలేదు. నేనే పోయి పక్కన కూర్చుని, ఇది పన్ను కోసమేనమ్మా, ఇందులో నీ మొగుడిది నీ మొగుడికి ఉంది, ఎవరేం చెప్పినా బెదరొద్దు అని చెప్పాను. తెలిసిన మాటను ఎదుటివాళ్లు అడిగేదాకా కడుపులో పెట్టుకుని కూర్చోవడం ఆ ఆదివారం నుంచి నాకు చేతకాకుండా పోయింది.