స్లింగ్ కట్టిన ఆరు వారాలు

షువైఖ్‌ గోదాములో పనిచేసే రోజుల్లో నాకు స్లింగ్ అంటే ఒకటే తెలుసు: క్రేను కొక్కేనికి తగిలించి పెట్టెలు పైకెత్తే వెడల్పాటి పట్టీ. తొంభైల చివర్లో, కోనసీమ నుంచి కువైట్ వెళ్లిన రెండో ఏడు, లారీ మీంచి జారి కుడి భుజం మీద పడ్డాను.

గోదాము కాపలా చూసే కడప అన్న పరుగెత్తుకొచ్చాడు. మాదొకటే గది. మెడలో తువ్వాలు తీసి, నా మోచేతి కిందుగా పోనిచ్చి, మెడ వెనక ముడేశాడు.

"కదలాకప్పా. బరువు మెడ మోస్తాది, చేతిని వదిలెయ్" అన్నాడు.

ఆసుపత్రిలో కాలర్ బోన్ విరిగిందన్నారు. నర్సు హిందీలో స్లింగ్ వెయ్యాలంది.

"నన్ను పైకెత్తుతారా ఏంటన్నా?" అన్నాను హడలిపోయి. అన్న పడీపడీ నవ్వాడు. ఆమె తెచ్చింది నీలంరంగు గుడ్డసంచి లాంటిది. ఎముక అతుక్కునేదాకా చెయ్యి అందులోనే ఉండాలంది.

ఆ ఆరు వారాలూ అన్నే పప్పన్నం కలిపి ముద్దలు చేసి నా ఎడమ చేతిలో పెట్టాడు. చొక్కా బొత్తాలు పెట్టాడు. శుక్రవారం తలంటాడు. "మా పాపకు గూడా ఇట్లా పెట్టల్యా నేను" అన్నాడొకసారి. కూతురు పుట్టిన నెలకే ఆయన కువైట్ వచ్చేశాడు.

డాక్టరు స్లింగ్ తీసేసి, ఇక చెయ్యి ఆడించాలన్నాడు. గదికి రాగానే నేను మళ్లీ తగిలించుకున్నాను. మళ్లీ విరుగుతుందేమోనని భయం. నాలుగో రోజు అన్న అన్నం కలపకుండానే కంచం నా ముందు పెట్టాడు.

"కలపవా అన్నా?"

"కలపను. కుడిచెయ్యి యాడబోయింది?"

"నొప్పెడుతుందన్నా."

"డాక్టరు ఖలాస్ అన్న్యాడు గదా! దాంట్లోనే పెట్టుకుంటే కట్టె అయితాది."

కోపమొచ్చి బయటికి పోయాను. ఆకలేసి తిరిగొచ్చేసరికి ఆయన తన కంచం ముట్టుకోకుండా అలాగే కూర్చున్నాడు. సిగ్గేసింది. స్లింగ్ తీసి అన్నం కలిపాను. చెయ్యి నోటిదాకా లేవక సగం ముద్ద పరిచిన పేపరు మీద పడింది. అప్పుడు గానీ ఆయన తినడం మొదలుపెట్టలేదు.

"యల్లా, తినప్పా, ఇంగో ముద్ద" అన్నాడు.

ఆ తర్వాత నెల తిరక్కుండా పనిలోకి వెళ్లాను. కొన్నేళ్లకు మాకు వీసా ఇచ్చిన యజమాని, మా కఫీల్, ఆయన్ని దూరంగా సౌదీ సరిహద్దు దగ్గరున్న వఫ్రాలోని తన తోటకు పంపేశాడు. బస్సులు తక్కువ. ఏదో ఒక బండి దొరికించుకుని నెలకోసారైనా వెళ్లేవాణ్ణి. టమాటా తోట పక్కన, రేకుల గదిలో, రాగిసంగటి చేసేవాడు. నేను నములుతుంటే, "మింగల్లప్పా, సంగటి నమిలేది గాదు" అని ప్రతిసారీ నవ్వేవాడు. ఆయన ఊరెళ్లిపోయాక నేను మళ్లీ వఫ్రా వైపు వెళ్లలేదు.