పై పోర్షన్ సార్, చెత్త స్టేషన్, నా ముక్కు

మా పై పోర్షన్ సార్ పోయారు. కబురు వచ్చేసరికి నేను దుకాణంలో కందిపప్పు జోకుతున్నాను. పొద్దున్నే గుండెలో నొప్పి అంటే ఆయన్ని అంబులెన్సులో సంగారెడ్డి తీసుకెళ్లిన మా ఆయన ఫోన్ చేసి, "సారు పోయిండే" అన్నాడు. ఇంకేదో చెప్పబోయి ఏడ్చేశాడు. ఎదురుగా నిలబడ్డామె కిలో అడిగిందో అరకిలో అడిగిందో నాకు ఎంతకీ గుర్తు రాలేదు. పప్పు చేతిలో పట్టుకుని ఆమెనే అడిగాను. ఆమె కూడా చెప్పలేక అలాగే నిలబడింది. సార్ ఆమెకూ తెలుసు.

ఏడ్చాను. ఇప్పటికీ మెట్ల మీద చెప్పుల చప్పుడైతే ఆయనే అనుకుంటాను. కానీ ఏడుపు కన్నా పెద్ద తిప్పలు వచ్చిపడ్డాయి నాకు. సార్ దేనివల్ల పోయారు? డాక్టర్లు గుండె అన్నారు. ఊరేమో చెత్త స్టేషన్ వాసన అంటోంది. "నీ ఇంట్ల ఉన్న మనిషి. నీకు గాక ఇంకెవలకు ఎరుక సేటమ్మా? ఆఫీసర్లొచ్చే మీటింగుల లేసి ఒక్క మాట చెప్పు, వాసనకే పోయిండని. స్టేషన్ మూయించే పూచీ మాది" అని పెద్దమనుషులు దుకాణం ముందు బెంచీ మీద కూర్చుని మరీ చెప్పిపోయారు. నేను చెబితే స్టేషన్ మూతపడుతుంది, చెప్పకపోతే ఉంటుంది. నిజమేమిటో మాత్రం నాకు తెలియదు.

సంగతి తెలియనివాళ్ల కోసం చెబుతాను. మా కాలనీ పటాన్‌చెరు దాటి లక్డారం పోయే దారిలో ఉంది. సగం మంది పాశమైలారం కంపెనీల్లో షిఫ్టులు చేసేవాళ్లే. ముందు మా కిరాణా దుకాణం, వెనక ఇల్లు, పైన కిరాయికిచ్చే పోర్షన్. డాబా ఎక్కితే చెత్త ట్రాన్స్‌ఫర్ స్టేషన్ రేకులు కనిపిస్తాయి. ఇళ్ల నుంచి చెత్త ఆటోలు తెచ్చింది అక్కడ దించి, పెద్ద లారీలకెక్కించి, దూరంగా డంపింగ్ యార్డుకు పంపుతారు. ఆ స్టేషన్ ఎలా కట్టాలో గీసిన ఇంజనీరే మా సార్.

కట్టక ముందు ఊళ్లో షామియానా వేసి మీటింగు పెట్టారు. సార్ ఒక పెద్ద కాగితం తగిలించి, బండ్లు ఇటు నుంచి వస్తాయి, అటు నుంచి పోతాయి, వాసన బయటికి రాదు అని చెబుతుంటే నాకు ఒళ్లు మండింది. లేచాను. "గంత మంచిదైతే మీరే వచ్చి ఉండుండ్రి సార్ దాని పక్కపొంటి. గిట్ల చెప్పి గట్ల కారెక్కి పోవుడు గాదు" అన్నాను. జనం చప్పట్లు కొట్టారు. నాలుగు రోజులు కాలనీలో నేనే హీరోయిన్ని.

పనులు మొదలైన వారానికి సార్ వచ్చి దుకాణం ముందు నిలబడ్డారు.

"పైన ఖాళీగున్నదంట గద సేటమ్మా? కిరాయికిస్తరా?"

"ఎవలకు సార్?"

"నాకే. మీరే గద రమ్మన్నరు."

ఆ మాటలో కోపం లేదు, వెటకారం లేదు. వెనక నుంచి మా ఆయన "నీ నోటికి ఒక దండం" అని గొణుగుతూ తాళంచెవి తెచ్చిచ్చాడు. భార్య ఎప్పుడో పోయిందట, ఒక్కతే బిడ్డ, నిజామాబాద్‌లో బడి పంతులమ్మ. ఒక మంచం, రెండు ట్రంకు పెట్టెలు, టేబుల్ ఫ్యాను. అంతే ఆయన కాపురం.

వచ్చిన రోజే అగరబత్తీలు కొన్నారు. "వాసన ఎట్లున్నా మంచిదే, పొగ ఎక్కువొచ్చేది ఇయ్యుండ్రి" అన్నారు. పొద్దునా సాయంత్రమూ డాబా మీద ఒక పుల్ల వెలిగించి నిలబడేవారు. ఎంత భక్తిపరుడో అని వాడకట్టంతా చాటాను. సత్యనారాయణ వ్రతానికి పిలిచి ముందు వరుసలో కూర్చోబెట్టాను. ఆయనేమో హారతి ఎలా తీసుకోవాలో తెలియక పక్కవాళ్లను చూస్తూ కూర్చున్నారు. ఒకరోజు బట్టలు ఆరేయడానికి పైకి పోతే అసలు సంగతి బయటపడింది. దేవుడూ లేడు, దండమూ లేదు. పుల్ల పట్టుకుని పొగ ఎటు పోతోందో చూస్తున్నారు.

"గాలి సేటమ్మా, గాలి. ఆఫీసు కాగితాలల్ల గాలి లెక్కలున్నయి గని మన గల్లీల ఎటు తిరుగుతదో వాటికేం ఎరుక? షెడ్డు తలుపు ఎటు పెట్టాల్నో గీ పొగనే చెప్తది. ఇండ్ల దిక్కు గాలి తోసే పక్క తలుపు పెడితే నన్ను మీరు నిలదీయాలె."

"దేవునికి గాని అగరబత్తి ముట్టిస్తే పాపం సార్" అన్నాను, ఇంకేం అనాలో తెలియక. "అయితే మిగిలింది మీ దేవునికి పెట్టుండ్రి" అని సగం కాలిన పుల్ల నా చేతికిచ్చారు. అలా మా పూజగదిలో చాలాకాలం సగం పుల్లలే వెలిగాయి. మా ఆయన తిట్టేవాడు.

ఇంకో అలవాటు చెబితే నవ్వుతారు. సార్ ఏ బండి వెనక నుంచీ నడిచేవారు కాదు. ఆగి ఉన్న ఆటో అయినా సరే, చుట్టూ తిరిగి ముందు నుంచి పోయేవారు. డ్రైవర్ కళ్లలోకి చూసి, వాడు తల ఊపాకే అడుగు వేసేవారు. మా దుకాణానికి సరుకు తెచ్చే ట్రాలీ ఆటో రోజూ గేటులోంచి వెనక్కి వచ్చేది. అది చూసి ఆయన ప్రాణం ఊరుకోలేదు. పక్క గోడకు ఇంకో గేటు పెట్టించేదాకా మా ఆయన్ని వదల్లేదు. ఇప్పుడు బండి ఒక గేటున వచ్చి ఇంకో గేటున పోతుంది. స్టేషన్లోనూ అంతే. బండ్ల దారి వేరు, మనుషుల దారి వేరు, నడుమ ఇనుప కడ్డీలు. చెత్త దించే గుంత అంచున ఎత్తుగా సిమెంటు దిమ్మె, చక్రం దాటిపోకుండా. బీహార్ నుంచి కొత్తగా వచ్చిన కుర్రాళ్లు పొరపాటున బండ్ల దారిలోకి వస్తే "భాయ్, పీఛే మత్ జానా!" అని, బండి వెనక్కి పోవద్దని, ఆయన వేసే కేక మా డాబా దాకా వినిపించేది.

చెత్త ఏరే ఆడవాళ్లకు వేడినీళ్ల స్నానాల గది కోసం కాంట్రాక్టరుతో పెద్ద కొట్లాటే అయింది. నేనప్పుడు అక్కడే ఉన్నాను, ఏం కడుతున్నారో చూసొద్దామని పోయాను. "చెత్త పనోళ్లకు గీజరెందుకు సార్?" అన్నాడు కాంట్రాక్టరు. సార్ గొంతు పెంచలేదు. "నువ్వు ఇంటికి పోంగనే నీ బిడ్డను ఎత్తుకుంటవా లేదా? మరి వీళ్లు ఎత్తుకోవద్దా?" అన్నారు. గది కట్టారు. ఆ రోజు నుంచి ఆయనంటే నాకు ఇష్టం. బయటికి మాత్రం చాలాకాలం చెప్పలేదు, చప్పట్లు కొట్టించుకున్నదాన్ని కదా.

ఇంతా చేసి, ఆ మనిషి సిగరెట్ తాగేవారు. గేటు పక్కన, గోడ చాటున, దొంగతనంగా. ఒకసారి పట్టుకుని కడిగేశాను. "ఊరందరికి గాలి ముచ్చట చెప్పి మీరేమో పొగ ఊదుతుండ్రా? సిగ్గనిపిస్తలేదా?" ఆయన సిగరెట్ పారేసి, "నేను గీసినదాంట్ల ఇదొక్కటే ఫెయిల్ సేటమ్మా" అని నవ్వారు. మర్నాడు మళ్లీ అక్కడే నిలబడ్డారు. అంతకుముందు ఎన్నో ఏళ్లు ఏదో రసాయనాల కంపెనీలో సేఫ్టీ ఆఫీసరట. ఎప్పుడూ దగ్గుతుండేవారు, ఆ దగ్గు అక్కడి నుంచే తెచ్చుకున్నానని ఒకసారి అన్నారు. ఇంకోసారి దుమ్ము వల్ల అన్నారు. ఇక నేను ఏ దగ్గును నమ్మాలి?

పోనీ స్టేషన్ బాగుందని ఆయనకైనా నమ్మకం ఉందా అంటే, అదీ చెప్పలేను. కొన్ని సాయంత్రాలు డాబా మీద నిలబడి "ఇవాళ బాగలేదు" అనుకుంటూ తువ్వాలు భుజానేసుకుని స్టేషన్ వైపు నడిచిపోయేవారు. కరెంటు బిల్లు దిగుతుందని అక్కడివాళ్లు వాసన లాగే ఫ్యాన్లు బంద్ పెడితే తిట్టి వేయించేవారు. లారీ రాకపోతే ఆఫీసు ముందు కూర్చునేవారు. "చెత్త ఇక్కడ నిద్ర చెయ్యొద్దు. వచ్చిన నాడే పోవాలె" అనేవారు. తను గీసిన స్టేషన్ మీద తనే ఫిర్యాదులు పెట్టిన మనిషిని నేనింకెక్కడా చూడలేదు.

అన్నింటికన్నా నన్ను తికమక పెట్టింది వాసన సంగతి. మొదట్లో కాస్త వాసన వచ్చినా నేను మెట్ల కింద నిలబడి "సార్, వస్తున్నది!" అని అరిచేదాన్ని. ఆయన పరుగున దిగి పోయేవారు. రానురాను వాసన ఆగిపోయింది. సంతోషంగా పైకి పోయి చెప్పాను. "ఇప్పుడు అస్సలు వస్తలేదు సార్. మీ స్టేషన్ మంచిగైంది." ఆయన సంబరపడతారనుకున్నాను. నా వైపు జాలిగా చూశారు.

"వాసన వస్తున్నన్ని దినాలు నాకు భయం లేకుండె సేటమ్మా. రాకపోతెనే భయం. మంచిగైందో, మీ ముక్కుకు అలవాటైందో ఎట్ల తెలువాలె? నా ముక్కు ఎప్పుడో పోయింది. కొత్త ముక్కు కావాలె."

అప్పటి నుంచి కాలనీకి ఎవరు కొత్తగా వచ్చినా ఆయన వదలలేదు. మా అక్క జహీరాబాద్ నుంచి వచ్చి ఆటో దిగుతోంది, ఇంకా సంచి కూడా కింద పెట్టలేదు. సార్ ఎదురుపోయి, "ఏమన్న వాసనొస్తున్నదా అమ్మా?" అని అడిగారు. మా అక్క మొహం ఎర్రబడింది. "పొద్దుగాలనే తానం చేసి బయలెల్లిన!" అని కసిరింది. నేను నవ్వాపుకోలేక దుకాణంలోకి పారిపోయాను. పోనీ ఆ కొత్త ముక్కులన్నా ఒక్క మాట చెప్పాయా అంటే లేదు. ఒకరు వస్తోందన్నారు, ఒకరు లేదన్నారు. ఒకాయన వస్తోంది కానీ కంపెనీల దిక్కు నుంచి అన్నాడు. సార్ అందరికీ "మంచిది, మంచిది" అని తల ఊపేవారు.

పెద్దమనుషులు వచ్చిపోయిన సాయంత్రం స్టేషన్లో పనిచేసే లక్ష్మి వచ్చింది. ఉప్పు ప్యాకెట్ తీసుకుని అలాగే నిలబడింది. "సేటమ్మా, జెర సోంచాయించి చెప్పు. అది మూస్తే చెత్త ఏడికి పోతది? మళ్ల మూలమలుపు కాడి కుప్పకే. అప్పుడు మేం పొగల ఏరుకున్నం, యాదికున్నదా?" ఎందుకు గుర్తులేదు? స్టేషన్ రాకముందు ఆ కుప్ప రోజూ తగలబడేది, మా ఆయనకు ఆయాసం, కిటికీలు తెరిస్తే ఒట్టు. కానీ లక్ష్మి ఇలా అన్న మర్నాడే పక్కింటి ఆమె, "సార్ అంతటోడే బతకలే, మనమెంత?" అంది. అదీ నిజమే అనిపించింది. ఎవరు చివర మాట్లాడితే వాళ్లదే నిజమనిపించే స్థితికి వచ్చాను. ఇలాంటప్పుడు ఎవర్ని అడగాలి? సార్‌నే అడగాలి.

మీటింగు రోజు పొద్దున సార్ బిడ్డ వచ్చింది, తండ్రి సామాన్లు తీసుకుపోవడానికి. సార్‌ను ఆస్పత్రి నుంచే నిజామాబాద్ తీసుకుపోయారు కాబట్టి ఆమె ఈ ఇంటికి రావడం అదే మొదటిసారి. ట్రంకు పెట్టె ముందు కూర్చుని ఒకటే ఏడుపు. "నాయిన ఫోన్ చేసినప్పుడల్లా అడుగుతుండె ఆంటీ, ఒక్కపారి వచ్చిపో బిడ్డా, నీ ముక్కు కావాలె అని. పరాచికం అనుకున్న. బళ్లె సెలవు దొరకలే, నేను రాలే." చాయ్ ఇస్తే తాగలేదు. ఒంటరిగా వదలబుద్ధి కాక నాతో పాటు మీటింగుకు తీసుకెళ్లాను.

షామియానా నిండిపోయింది. పెద్దమనుషులు మైకు నా చేతికిచ్చారు. "సార్ దేనికి పోయిండో నాకు తెల్వదు" అన్నాను. గోల మొదలైంది. "ఎంత ముట్టింది సేటమ్మా?" అని వెనక నుంచి ఎవడో అరిచాడు. నాకు రోషం పొడుచుకొచ్చింది. "ముట్టింది నీ మొకం! నా ముక్కు చచ్చింది, వాసన నాకు ఎరుకైతలేదు. మీకు ఎరుకైతున్నదా? గుండె మీద చెయ్యేసుకుని చెప్పుండ్రి, ఇప్పుడు వస్తున్నదా, లేదా?" పక్కనున్న పిల్లను చూపించాను. "ఈమె సార్ బిడ్డ. పొద్దుగాలనే వచ్చింది. ఈమెనడుగుండ్రి" అన్నాను. అన్నాక నా నోటిని నేనే తిట్టుకున్నాను.

ఆ పిల్ల మాత్రం లేచి నిలబడింది. మైకు తీసుకోలేదు. స్టేషన్ రేకుల వైపు తిరిగి, కళ్లు మూసుకుని గాలి పీల్చింది. ఏడ్చి ఏడ్చి ముక్కు దిబ్బడ వేసి ఉంది, గాలి లోపలికి పోలేదు. కర్చీఫుతో చీదుకుని మళ్లీ పీల్చింది. "ఏం తెలుస్తలేదు ఆంటీ" అంది నాతో. మళ్లీ చీదుకుంది, మళ్లీ మొహం పైకెత్తింది. పెద్దమనుషులు, లక్ష్మి, కాగితాలు పట్టుకున్న ఆఫీసరు, ముట్టిందా అని అరిచినవాడు, మా ఆయన, నేను, అందరం తలలు ఎత్తి గాలి పీలుస్తున్నాం. పక్కవాళ్ల మొహంలోకి చూస్తున్నాం, మళ్లీ పీలుస్తున్నాం.