నడుమ మిగిలే పుల్ల

జాతర మైదానంలో పందుల కొట్టానికీ రంగులరాట్నానికీ నడుమనున్న మూల ఆర్లీన్‌ది. ఎవరూ రాసివ్వలేదు. పెళ్లయిన ఏడాది నుంచీ ప్రతి ఆగస్టులో అక్కడ ఆమె బంగాళాదుంప వేపుడు చుట్ల బండే నిలబడింది కాబట్టి అది ఆమెది. మొగుడు పనిచేసే పంపుల ఫ్యాక్టరీ మూతపడ్డాక ఆ ఇంటికి అన్నం పెట్టిందీ ఆ మూలే. మూసేశామన్న కబురు యజమానులు గేటుకు కాగితం అంటించి చెప్పారు. ఒహాయోలో మా వైపు పెద్దమనుషుల మర్యాద అంతే.

చుట్లు కోసే మర ఆమె మొగుడు ఎల్డన్ చేసిందే. ఫ్యాక్టరీలో లేత్ మీద పనిచేసే రోజుల్లో, వాళ్లమ్మ ఆపిల్ తొక్క తీసే మరను విప్పి దానికి రంపంలా పళ్లున్న బ్లేడు బిగించాడు. బంగాళాదుంప గుచ్చి పిడి తిప్పితే అది ఉంగరాలు ఉంగరాలుగా తెగకుండా జారేది. నడుమ చిటికెన వేలంత పుల్ల మిగిలేది. చుట్లు జనానికి, పుల్లలు ఇంటికి. వాటిని పాలల్లో ఉడికించిన సూపు మీదే ఇద్దరు కూతుళ్లూ పెరిగారు. బంగాళాదుంప అంటే వాళ్లు ఇప్పటికీ ముఖం తిప్పుకుంటారు.

కోసిన చుట్లను చన్నీళ్లలో నానేసి, నీళ్లు తెల్లబడటం మానేదాకా మార్చాలి. లేకపోతే గంజి మిగిలిపోయి నూనెలో నల్లబడి మెత్తగా వాలిపోతాయి. నూనెలోంచి తీసిన వెంటనే, వేడి మీదే, చిల్లుల డబ్బాలోంచి ఎర్ర మిరపపొడి, వెల్లుల్లి పొడి, ఉల్లి పొడి, ఉప్పు చల్లాలి. పిడి తిప్పీ తిప్పీ ఆర్లీన్ కుడి భుజం పోయింది. తొట్టి ఎత్తలేక నీళ్లు మార్చడం మానేసింది. ఎవరికీ చెప్పలేదు. జనం కొంటూనే ఉన్నారు.

పంతొమ్మిది వందల ఎనభై ఏడు ఆగస్టులో, జాతర మొదలయ్యే రోజు పొద్దున, ఆమె అక్క కొడుకు గ్లెన్ బండి దగ్గరికొచ్చాడు. జాతర కమిటీలో పెద్ద తలకాయ ఇప్పుడు. చేతిలో వేడి చుట్లున్న కాగితం దొన్నె.

"పిన్నీ, కోపం తెచ్చుకోకు. ఈ మూల ఇంకొకళ్లు అడుగుతున్నారు. వాళ్లది ఐసు కట్టించిన సరుకు. మసాలా ముందే పట్టించి ఉంటుంది. సంచి చింపి నూనెలో పొయ్యడమే. ఇవి వాళ్లవే."

"నీ ముడ్డి కడిగిన చేతుల్రా ఇవి. నన్నే లెమ్మంటున్నావా?"

"నేనంటానా? కమిటీవాళ్లంటున్నారు. తిన్నవాళ్లకి తేడా తెలీదంట."

"కమిటీ నాలుక సంగతి నాకు తెలుసులే. పందులకి బహుమతులిచ్చీ ఇచ్చీ అదీ అలాగే తయారైంది."

గ్లెన్ నవ్వాడు. "సరే, ఎవరు రుచి చూడాలో నువ్వే చెప్పు. ఆ మాటే ఖాయం చేస్తాను."

"మీ బాబాయి. మర చేసినోడు. ఆయన కాదంటే బండి నేనే లాక్కుపోతా."

ఎల్డన్ నీడన కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఆర్లీన్ తన ఏప్రన్ విప్పి ఆయన కళ్లకు తానే గంత కట్టింది.

"ఈ వయసులో దాగుడుమూతలేంటే?"

"నోరు తెరువు. మనది ఏదో చెప్పు, చాలు."

గ్లెన్ మొదట ఆమె బండిలోంచి తీసిన చుట్టొకటి ఆయన నోట్లో పెట్టాడు. ఎల్డన్ నెమ్మదిగా నమిలి మింగాడు. తరువాత తను తెచ్చిన దొన్నెలోది పెట్టాడు. కరకరమన్న చప్పుడు ఆర్లీన్‌కు వినపడింది. ముసలాయన ముఖం విచ్చుకుంది.

"ఇదిగో, ఇది మాది. పెళ్లయిన కొత్తలో ఇలాగే పెట్టేది మీ పిన్ని."

గ్లెన్ నేల చూపులు చూశాడు. "మొదటిదో, బాబాయ్?"

"అదా? నీళ్లు కూడా మార్చని సోమరిపోతు ఎవత్తిదో. ఆ మొహాన్ని జాతరలోకి ఎవడు రానిచ్చాడ్రా?"

కొట్టంలో పందులు అరుస్తున్నాయి. ఆర్లీన్ బండి దగ్గరికి వెళ్లి, మరను బల్లకు బిగించిన బోల్టును ఎడమ చేత్తో వదులు చేయసాగింది.

"ఏమే, గెలిచామా? ఈ గుడ్డ విప్పనా?"

"కాసేపు ఉండనీ," అంది ఆర్లీన్.