మొదటి రకం

మొన్న బీరువా సర్దుతుంటే తమ్ముడి ఆస్పత్రి కాగితాలు బయటపడ్డాయి. వాడు పోయి మూడు నెలలు కావస్తోంది, ఇక పారెయ్యాల్సినవే. కానీ ఊపిరితిత్తిలోంచి తీసిన ముక్క గురించి రాసిన రిపోర్టులో ఒక వాక్యం దగ్గర మళ్లీ ఆగిపోయాను. కణితిలో రోగంతో పోరాడే కణాలు చాలా తక్కువగా ఉన్నాయని ఆ వాక్యం. దాని అర్థం మొదటిసారి చదివినప్పుడే నాకు తెలుసు. అరవై ఏళ్ల కిందట మామయ్య వల్ల తెలిసింది.

మామయ్యది గూడూరులో అభ్రకం రకాలు ఏరే పని. చీల్చిన రేకును కిటికీ వెలుతురుకు ఎత్తి చూసి, మచ్చ లేకపోతే మొదటి రకం, చుక్కలుంటే మూడో రకం అని వేరు చేసేవాడు. ముప్పై ఏళ్లు అదే పని కావడంతో దేన్నీ ఊరికే చేతిలోకి తీసుకోవడం మరిచిపోయాడు. అప్పడాన్ని కూడా వెలుతురుకు పెట్టి చూసిగాని తినేవాడు కాదు. "అదేం ఓడెక్కి సీమకు పొయ్యే సరుకు కాదులే, తినయ్యా" అని అత్త విసుక్కునేది.

అరవైల మొదట్లో ఒక వేసవిలో ఆయన దగ్గితే రక్తం పడింది. క్షయ అనుకున్నాం. మద్రాసులో కణితి అని చెప్పి ఊపిరితిత్తిలో కొంత తీసేశారు. నేనప్పుడే టీచరుగా చేరాను. ఇంగ్లీషు తెలుసని, బడికి సెలవులు కూడానని నన్ను తోడు పంపారు. పక్క మంచం మీద బోగోలు వైపు నుంచి వచ్చిన, సముద్రంలో వేటకు పోయే మనిషి. అదే జబ్బు, అదే వారం ఆపరేషన్. మామయ్యను అన్నా అనేవాడు. ఇద్దరూ ఆస్పత్రి సాంబారును తిట్టుకుంటూ స్నేహితులయ్యారు.

తన ముక్కను చూపించమని మామయ్య రోజూ అడిగితే, పరీక్ష చేసిన ముసలి డాక్టరు చివరికి మమ్మల్ని లోపలికి పిలిచాడు. మైక్రోస్కోపు కింద రెండు గాజు పలకలు ఒకదాని తర్వాత ఒకటి పెట్టాడు. మామయ్య దాంట్లో కణితి చుట్టూ నీలం చుక్కలు, రాగులు ఒలికినట్టు. పక్క మంచం మనిషిది శుభ్రంగా ఉంది. ఆ చుక్కలు ఒంట్లోని కణాలేననీ, జబ్బుతో పోరాడటానికి వచ్చి చేరతాయనీ, అవి ఎక్కువగా ఉన్నవాళ్లు ఎక్కువ కాలం బతకడం తాను చూశాననీ, కానీ ఖాయంగా ఏమీ చెప్పలేననీ డాక్టరు అన్నాడు. అంతా మామయ్యకు తెలుగులో చెప్పాను.

"నువ్వు పుస్తకాలు చదివినావు. నేను ముప్పై ఏండ్లు చుక్కల్నే చూసినా. చుక్కుంటే సరుకు పనికిరాదు" అన్నాడు.

నేను మందుల చీటీ తీసుకుని వార్డుకు వచ్చేసరికి ఆయన పక్క మంచం మీద కూర్చుని ఉన్నాడు.

"నీది మొదటి రకం అబ్బయ్యా. ఒక్క మచ్చ లేదు. నాదే మూడో రకం."

"నిజంగానా అన్నా? మరి మూడు నెలలకు మళ్లా రమ్మన్నారే?"

"మచ్చ లేనోడికి ఈడేం పని? పోయి వల చూసుకో."

వాకిట్లోనే నిలబడిపోయాను. తప్పని చెప్పాల్సింది నేనే. కింద కూర్చున్న అతని భార్య, ఆస్పత్రికి వచ్చాక మొదటిసారి, కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. మందుల చీటీ మడిచి సంచిలో పెట్టుకున్నాను.

ఇంటికొచ్చాక మామయ్య చావుకు సిద్ధపడ్డాడు. మంచి పంచెలు పంచిపెట్టాడు. మేమందరం వాకిట్లో ఆయన దగ్గు వింటూ కూర్చునేవాళ్లం. దీపావళి దాటి వానలు పట్టాక బోగోలు నుంచి ఆ పక్క మంచం మనిషి భార్య ఒక్కతే వచ్చింది. అతను మళ్లీ మద్రాసు పోలేదట. దీపావళి లోపే పోయాడట.

"మచ్చ లేదంటివే అన్నా" అంది. కోపంగా కాదు, అర్థం కాక అడిగింది.

మళ్లీ వెళ్లి ఉంటే బతికేవాడో లేదో ఎవరూ చెప్పలేరు. మామయ్య మాత్రం ఇంకో పదకొండేళ్లు బతికాడు. కానీ ఆమె వచ్చి వెళ్లాక ఏ వస్తువునూ వెలుతురుకు ఎత్తి చూడలేదు. అప్పడం పెడితే తల వంచుకుని తినేసేవాడు.

తమ్ముడి రిపోర్టు వచ్చిన రోజు వాడు మంచం మీద నుంచి "ఎట్టుండాదక్కా?" అని అడిగాడు. కాగితం మడిచి సంచిలో పెట్టాను. "శుభ్రంగా ఉందిరా" అన్నాను. మామయ్య తెలియక అన్న మాటను నేను తెలిసే అన్నాను. అరవై ఏళ్లలో ఆ చుక్కలను చదవడం డాక్టర్లందరూ నేర్చుకున్నారు. నేను మాత్రం ఆ వార్డు వాకిట్లోనే నిలబడి ఉన్నాను.