పేరు పెట్టి పిలిస్తేనే మాట

మిర్యాలగూడ రైస్ మిల్లులో, ఓనరు కళ్లెదుటే, ఇస్త్రీ చొక్కాతో, "భయపడకుండా మాట్లాడండి" అంటూ అంటూనే తొట్టిలో వెల్లకిలా పడిన మనిషిని మీరెక్కడైనా చూశారా? ఆ ఘనుణ్ని నేనే. పేరు సైదులు. ఈ పేరు కాస్త గుర్తుపెట్టుకోండి, నన్ను ముంచింది ఇదే. మా వైపు ఈ పేరుకు కొదవ లేదు. బస్టాండులో నిలబడి ఒకసారి పిలిస్తే నలుగురైదుగురు తిరిగి చూస్తారు.

అప్పటికి నేను మిల్లులో కాంటా దగ్గర నుంచి కొత్త ఉద్యోగంలోకి మారాను. పనివాళ్ల మంచిచెడ్డలు చూసుకోవడం నా పని. ఓనరుది కోదాడ. ఆయన ముందే షరతు పెట్టాడు.

"పనివాళ్లు నన్ను చూస్తే నోరు విప్పట్లేదయ్యా. వాళ్ల కష్టం వాళ్లే చెప్పాలి. అది నీవల్ల కాకపోతే మళ్లీ కాంటా దగ్గరికే వెళ్తావు."

కాంటా దగ్గర ఎండ, ఊక దుమ్ము, లారీ డ్రైవర్ల తిట్లు. ఇక్కడ నెత్తి మీద ఫ్యాను. నా బతుకంతా ఆ ఫ్యాను రెక్కలకు వేలాడుతోందని మీకు అర్థమయ్యే ఉంటుంది.

సూర్యాపేటలో హైవే పక్క హోటల్లో ఒకరోజు ట్రైనింగ్ ఉంటే ఓనరే పంపాడు. మనిషి భయం లేకుండా మాట్లాడగలిగిందే మంచి పనిచోటు అని పొద్దున చెప్పారు. కొన్ని కంపెనీల్లో అటెండరు కూడా పెద్ద బాసును పేరు పెట్టి పిలుస్తాడట. నాకు కళ్లు తెరుచుకున్నాయి. తర్వాత బిర్యానీ పెట్టారు, కళ్లు మూతపడ్డాయి. ఎవరికి ఎట్లా ఉంటే భయం పోతుందో ముందు వాళ్లనే అడగాలన్న అసలు ముక్కను ఆ కునుకులో చెప్పారట.

కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. కొత్తగా ట్రైనింగైనవాడు అసలే ఎరగడు. తెల్లారగానే అందరినీ నిలబెట్టి ప్రకటించాను.

"ఇయ్యాల్టి సంది సార్ లేదు, అన్న లేదు, అక్క లేదు. అందరం పేర్లు పెట్టి పిలుసుకుందాం. హోదా పోతే భయం పోతది. తప్పినోళ్లు అందరి ముందట పాట పాడాలె."

"మరి నిన్నేమనాలె సారూ?" అంది మంగమ్మ. వడ్లు ఆరబోసే దగ్గర పనిచేస్తుంది, త్రిపురారం నుంచి వస్తుంది. వయసులో నాకు అక్కే.

"సైదులు అను."

మంగమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. పక్కనున్న ఆడవాళ్లు కిసుక్కుమన్నారు. సిగ్గు పడుతున్నారు, నాలుగు రోజుల్లో పోతుందిలే అనుకున్నాను. చూశారా నా తెలివి.

మరుసటి రోజు నుంచి మిల్లు మూగబోయింది. మనిషిని పిలవాలంటే చప్పట్లు, ఈలలు, వీపు మీద వడ్ల గింజలు విసరడం. బాయిలర్ దగ్గర పనిచేసే నర్సన్న ఒక్కడికే పండగ. వాడికి పాటల పిచ్చి. పొద్దున్నే వచ్చి, "సార్, సార్, సార్. మూడు పాటలు బాకీ పడ్డ" అని అందుకునేవాడు.

ఓనరు వచ్చే రోజు రానే వచ్చింది. అందరినీ వాకిట్లో కూర్చోబెట్టాను. అక్కడే పాత తొట్టి ఉంది. వడ్లు నానబెట్టిన నీళ్లు అందులోకే వదులుతారు. గట్టు లేదు, నేలకు సమానంగా ఉంటుంది. ఇక వాసన సంగతి, మీరు భోంచేసి ఉంటే చెప్పను.

"ఏం భయం లేదు, మాట్లాడుండ్రి" అన్నాను. ఒక్కరూ కదల్లేదు. ఓనరు గడియారం చూసుకున్నాడు. నాకు కాంటా దగ్గరి ఎండ కళ్లలో మెదిలింది. అంతలో మంగమ్మ చటుక్కున లేచింది. నా ప్రాణం లేచి వచ్చింది. ఈ ఘట్టాన్ని వీడియో తీయాలని ఫోన్ బయటికి తీశాను. అందరూ అందులో పట్టాలి కదా, ఒక అడుగు వెనక్కి వేశాను.

"ఎనక..." అంది మంగమ్మ.

"ముందుగాల పేరు పెట్టి పిలువు."

"గది గాదు, ఎనక..."

"ఊహూ. పేరు ముందు, మాట తర్వాత. రూలు రూలే." ఇంకో అడుగు.

"అయ్యో, సా..."

"సార్ అంటే పాట పాడాలె."

మంగమ్మ నోరు తెరిచింది, మూసింది, రెండు చేతులూ ఊపింది. మిగతా వాళ్ల చూపంతా ఆమె నోటి మీదే ఉంది, పేరు తీస్తుందా తీయదా అని. ఎంత ఆవేశంగా మాట్లాడబోతోందో అని మురిసిపోతూ నేను మూడో అడుగు వేశాను.

ఛాతీ లోతు నీళ్లు. నోట్లోకి ఎంత పోయాయో అడగకండి.

నర్సన్న చేయందించి పైకి లాగాడు. నేను చొక్కా పిండుకుంటూ, "చెప్పొచ్చు గదా మంగమ్మా" అన్నాను.

"ఎట్ల జెప్పాలె సారూ? మా ఇంటాయన పేరు గూడ గదేనాయె. కట్టుకున్నోని పేరు నేనెన్నడన్న తీసిన్నా? తియ్యకుంటే నువ్వు మాట సాగనియ్యకపోతివి."

ఓనరు నవ్వు ఆపుకోలేక స్తంభం పట్టుకున్నాడు. "ఏమయ్యా, భయం పోగొట్టమంటే నోళ్లే కుట్టేశావు కదయ్యా. అమ్మా, నీకెలా పిలవాలనిపిస్తే అలా పిలువు. ఏం కావాలో చెప్పు."

అంతే, తూము ఎత్తినట్టయింది. "సారూ, ఈ తొట్టికి గోడ లేదు, మొన్న మా పోరి గూడ పడబోయింది" అంది మంగమ్మ. "ఆడోళ్లకు బాత్రూం తలుపుకు గొళ్లెం లేదు" అంది ఇంకొకామె. నాకు ఆనందమూ, చలీ కలిసి వణుకు వచ్చింది. ఆ సాయంత్రం ఇంటికి పోవడానికి నేను సూర్యాపేట బస్సు ఎక్కగానే చుట్టూ నాలుగు సీట్లు ఖాళీ అయ్యాయి. మిల్లులో ఫ్యాను మాత్రం నాకే మిగిలింది.

వారం తిరక్కుండా గోడ లేచింది. మిల్లంతా దానికి సైదులు గోడ అని పేరు పెట్టింది. మంగమ్మ ఆ పేరు కూడా తీయలేదు. ఎవరడిగినా, "గదా, మా ఇంటాయన గోడ" అంటుంది. త్రిపురారంలో గొర్లు కాసుకునే ఆ సైదులు ఒకనాడు భార్యకు సద్ది ఇవ్వడానికి వస్తే, కొత్తగా చేరినవాళ్లు గోడ చూపించి దండం పెట్టారట. తొట్టిలో మునిగింది నేను, దండాలు ఆయనకు.

అందుకని ఆ తొట్టి సాక్షిగా, అందులో నేను మింగిన నీళ్ల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. నోరు తెరిచిన మనిషిని ఎట్లా పిలిచావని ఈ జన్మలో అడగను. ఓయ్ అన్నా, అరేయ్ అన్నా, ఈల వేసినా సరే, ముందు వెనక్కి తిరిగి చూస్తాను.