ఇనుప పాదం దగ్గర మౌనం

మా బాబాయి చెప్పులు బాగుచేస్తాడు. మాట్లాడేటప్పుడు కూడా పెదాల మధ్య మేకులు ఉంటాయి కాబట్టి ఆయన మాటలు పొట్టివి. పిన్నిని పెళ్లి చేసుకోమని అడిగిన రోజు కూడా నోట్లో మేకులున్నాయట. “నేను సరే అన్నది పెళ్లికో, ఆయన మేకులు మింగుతాడన్న భయానికో నాకే తెలీదు” అంటుంది పిన్ని.

ఆయన కొట్టు ఒక పాత మేడ మెట్ల అడుగున మిగిలిన చోటు. పైన కమాను, వెనక గోడలో గూడు, గూట్లో దీపం. దీపం భక్తి కోసం కాదు. పట్టపగలు కూడా ఆ మూల సూది బెజ్జం కనిపించదు. నడిమధ్యన అరికాలు పైకి పెట్టి నిలబెట్టిన ఇనుప పాదం. దానికి చెప్పు తొడిగి అడుగు కొడతాడు. ఏళ్ల తరబడి చేతులు తగిలి అది నల్లగా నిగనిగలాడుతుంది. కొట్టు ఇరుకు కాబట్టి బాగుచేయాల్సిన చెప్పులన్నీ బయట గోడవారన వరుసగా ఉంటాయి. వాటిని ఇచ్చినవాళ్లు ఉత్తికాళ్లతో మెట్టు మీద కూర్చుంటారు, లేదా నడుం వంచి లోపలికి తొంగిచూస్తూ ఇంకెంతసేపని బతిమాలతారు.

మా అమ్మాయిని చంకనేసుకుని అక్కడికి వెళ్లినప్పుడల్లా దాని కళ్లు నేల మీది మేకుల మీద, నా కళ్లు దాని నోటి మీద. జిగురు డబ్బా మూత తీసి ఉంటే, రసాయన శాస్త్రం చదివిన పాపానికి, నేను ఊపిరి బిగబట్టి మాట్లాడతాను. బాబాయి నవ్వుతాడు. “నేను జీవితమంతా పీల్చా. నాకేమైంది?”

“అదే కదా మేమూ అడిగేది” అంటుంది పిన్ని.

ఇలా సాగిపోతుండగా పర్యాటక శాఖవాళ్లు సందుగొందుల్లోని చిన్న గుళ్లన్నిటినీ డిజిటల్ పటంలోకి ఎక్కించడం మొదలుపెట్టారు. పెద్ద గుళ్ల దగ్గర తొక్కిసలాట, చిన్న గుళ్లు చూసే దిక్కులేక కూలిపోతున్నాయి, జనాన్ని కాస్త ఇటు మళ్లిస్తే రెండూ నిలబడతాయని వాళ్ల ఆలోచన. ఆలోచన మంచిదే. కానీ సందులు ఎక్కువ, సిబ్బంది తక్కువ. అందుకని నెత్తిన కెమెరా పెట్టుకున్న బండి ఒకటి వీధులన్నీ తిరిగింది. ఏది గుడో ఏది కాదో తేల్చే పని కంప్యూటర్‌కి అప్పగించారు. దానికి నేర్పిన గుర్తులు ఇవి: కమాను, గూట్లో దీపం, బయట విడిచిన చెప్పులు, లోపలికి వంగే మనుషులు. మా బాబాయి కొట్టు ఒక్క గుర్తూ తప్పలేదు. ఇనుప పాదం కంటపడ్డాక కంప్యూటర్‌కి ఉన్న కాస్త అనుమానమూ తీరిపోయింది. పటం మీద ‘పురాతన పాద మందిరం’ వెలిసింది.

ఆ సంగతి మాకెవరూ చెప్పలేదు. ఒకరోజు ఎక్కడినుంచో వచ్చిన యాత్రికులు తమ బూట్లు గోడవారన విడిచి, లోపలికొచ్చి, ఇనుప పాదం ముందు కళ్లు మూసుకుని కూర్చున్నారు. వాళ్ల భాష బాబాయికి రాదు. గోడవారన ఉన్నది ఏదైనా పనికి వచ్చిందే అన్నది ఆయన పద్ధతి. అరిగిన మడమలు ఊడదీసి కొత్తవి బిగించాడు. సుత్తి మోతకు వాళ్లు కళ్లు మరింత గట్టిగా మూసుకున్నారు. తీరా లేచి చూస్తే బూట్లు కొత్తవాటిలా ఉన్నాయి. ఒకామె ఏడ్చేసింది. కూలి కోసం బాబాయి చెయ్యి చాపితే ఆ చేతిని కళ్లకద్దుకుని వెళ్లిపోయింది.

మహిమ సంగతి ఫోన్లలో పాకిపోయింది. జనం పెరిగారు. జనం పెరిగేసరికి శాఖవాళ్లొచ్చి బోర్డు పాతారు: మౌనం పాటించండి, వ్యాపారం నిషిద్ధం, రాతిని గానీ లోహాన్ని గానీ కొట్టరాదు.

అక్కడితో మా బాబాయి పని ఆగిపోయింది. పాత ఖాతాదారులు తెగిన చెప్పులు చేత్తో పట్టుకుని వచ్చి, బోర్డు చదివి, దణ్ణం పెట్టి వెళ్లిపోయేవాళ్లు. బాబాయి ఇంట్లో చెంచాతో కంచం అంచు మీద కొట్టుకుంటూ కూర్చునేవాడు. నోట్లో మేకుల్లేకుండా ఆయన్ని చూడటం నాకదే మొదటిసారి. కింది పెదవి మధ్యలో చిన్న నొక్కు ఉందని అప్పుడే తెలిసింది.

“కొట్టు పోతే పోనీ అనుకుందామంటే నాకింకో పని రాదమ్మా. ఊరికే కూర్చుంటే మీ పిన్ని నన్ను చూస్తూ ఉంటుంది. అది భరించలేను” అన్నాడు. ఆయన అంత పొడుగ్గా మాట్లాడటం ఎన్నడూ వినలేదు. నాకు భయమేసింది.

నేను శాఖ ఆఫీసుకి ఫోన్ చేశాను. అక్కడ ఎవరూ చెప్పులు విడవడం లేదని తేలితే పటంలోంచి తీసే సంగతి ఆలోచిస్తామన్నారు. అది చెప్పులు బాగుచేసే చోటండీ, విడవకపోతే ఎలా అన్నాను. విడుస్తున్నారని మీరే ఒప్పుకుంటున్నారుగా అన్నారు.

ఇంతలో పక్క సందులోని అసలు గుడిని చూసుకునే పెద్దాయన తగువుకొచ్చాడు. దొంగల భయంతో ఆయన గుడికి వచ్చేవాళ్లు చెప్పులు సంచిలో పెట్టుకుని లోపలికి పట్టుకెళ్తారు. బయట చెప్పుల్లేవు కాబట్టి కంప్యూటర్ దాన్ని గోదాముగా ఎక్కించింది.

“నా దేవుడు గోదాములో, నీ సుత్తి గుళ్లోనా?” అన్నాడాయన.

బాబాయి వాదించలేదు. బాగుచేయించుకుని మళ్లీ రానివాళ్ల చెప్పులు ఒక గోతాం నిండా ఉన్నాయి. ఆ గోతాం ఆయనకిచ్చి, గుమ్మం ముందు పేర్చుకోమన్నాడు.

చివరికి నా ఫోన్లు పడలేక ఒక అధికారిణి స్వయంగా వచ్చింది. చేతిలో ట్యాబ్, వెనకాల జీపు, సాయంత్రంలోగా కొండ మీది గుడి కూడా చూడాలన్న తొందర. మెట్టెక్కుతుండగా ఆమె చెప్పు అడుగు సగానికి ఊడి నాలుకలా వేలాడింది.

“రెండు మేకులు వేసి పెట్టండి” అంది.

బాబాయి బోర్డు చూపించాడు. “కొట్టకూడదమ్మా. మీవాళ్లే రాశారు.”

“నేను చెప్తున్నాగా, కొట్టండి.”

“మీరు వెళ్లాక?”

“అది తర్వాత చూద్దాం.”

“అయితే చెప్పు కూడా తర్వాతే చూద్దాం” అని ఆయన చేతులు కట్టుకున్నాడు.

“ఆయనతో పెట్టుకోకమ్మా, నేను పెట్టుకునే ఇలా ఉన్నా” అంది పిన్ని.

అధికారిణి మెట్టు మీద కూలబడింది. పటంలోకి ఎక్కినదాన్ని తీసేసే అధికారం తనకు లేదట, వివరాలు చేర్చే అధికారం మాత్రం ఉందట. ఇక్కడ రోజూ ఏం జరుగుతుందో చెప్పమంది.

“వస్తా. కొడతా. తింటా. పడుకుంటా. మళ్లీ కొడతా.”

ఆమె టైపు చేసి చదివి వినిపించింది: ప్రాతఃకాల సుత్తి సేవ, మధ్యాహ్న మౌనం, సాయంకాల సుత్తి సేవ. భక్తులు తమ అరిగిన పాదరక్షలతోనూ, తగిన కానుకతోనూ పాల్గొనవచ్చు. అనాదిగా వస్తున్న ఈ సేవను ఎవరూ ఆపరాదు.

బాబాయి జేబులోంచి మేకులు తీసి పెదాల మధ్య పెట్టుకున్నాడు. ఆమె చెప్పును ఇనుప పాదానికి తొడిగాడు. మొదటి దెబ్బకు పిన్ని కళ్లు తుడుచుకుంది.

ఆ తర్వాత పనికి లోటు లేదు. సెలవుకే లోటు. జ్వరమొచ్చి ఒకరోజు పడుకుంటే, సేవ ఎందుకు ఆగిందని శాఖవాళ్లు ఫోన్ చేశారు. పెద్దాయన గుడి ముందు చెప్పుల వరుసలు కూడా కెమెరా బండికి కనిపించాయి. పటం మీద అదిప్పుడు చెప్పుల దుకాణం. తెగిన చెప్పులతో వచ్చినవాళ్లకు ఆయన ముందు దర్శనం చేయించి, తర్వాత మా బాబాయి దగ్గరికి పంపుతున్నాడు.

మొన్న మధ్యాహ్నం వెళ్లేసరికి మౌనం నడుస్తోంది. బాబాయి గోడకు జారబడి గురకపెడుతున్నాడు. యాత్రికులు ఉత్తికాళ్లతో చుట్టూ కూర్చుని వింటున్నారు. ఆయన పెదాల మధ్య మేకులు అలాగే ఉన్నాయి. నా పై ప్రాణాలు పైనే పోయాయి. పిల్లను పిన్నికిచ్చి, నిద్ర చెదరకుండా ఒక్కొక్క మేకూ మెల్లగా లాగాను. వెనక్కి తిరిగితే ఒకాయన భక్తిగా దోసిలి పట్టాడు. ఇంకేం చేయను, ఒక మేకు వేశాను. తక్కిన చేతులూ లేచాయి.

బాబాయి కళ్లు తెరిచి పెదాలు తడుముకున్నాడు. దోసిళ్ల వంక, వాటిలోని మేకుల వంక చూశాడు.

“మేకులు ఇటివ్వండి” అన్నాడు. “ముందు ఎవరిది?”