రొయ్యల మేత మీద పద్యం

మొన్న రావులపాలెం సెంటర్లో అరటిగెలల లారీలు అడ్డంపడి ఆటో ఆగిపోతే, ఎదురుగా కట్టిన ఫ్లెక్సీ చదువుతూ కూర్చున్నాను. గోడ మీద అక్షరం కనబడితే చాలు, కూడబలుక్కుని చదవడం నాకు ముప్ఫై దాటాక పట్టుకున్న జబ్బు. అది రొయ్యల మేత కంపెనీ వాళ్ళ ఫ్లెక్సీ. డీలర్ల మొహాలు ఇరవై దాకా ఉన్నాయి, ఒక్కొక్కటీ గుమ్మడికాయంత. కింద మూల నిమ్మకాయంత మొహం ఒకటి, కిరీటంతో. అది చూడగానే మళ్ళీ ఒళ్ళంతా కంపరమెత్తింది. వాళ్ళ డీలర్ల ఫంక్షను అయిపోయి నెల దాటినా విప్పలేదు వెధవలు.

ఆ కిరీటం పెట్టుకున్నాయన పద్యనాటకాల్లో రాజు వేషం కట్టేవాడు. నాతోటి ఆడవాళ్ళకి గుళ్ళో దేవుళ్ళుండేవారు, నాకు ఆయనుండేవాడు, చెప్పుకోడానికి సిగ్గెందుకు? ఆఖరి అంకంలో రాజు చచ్చిపోయాక జనం 'వన్స్ మోర్' అని అరిస్తే, ఆ చచ్చినాయన లేచి పంచె దులుపుకుని, పద్యం మళ్ళీ పాడి, ఊపిరున్నంతసేపూ రాగం తీసి, మళ్ళీ బుద్ధిగా చచ్చిపోయేవాడు. ఒకసారి అలా మూడుసార్లు చచ్చాడు. నాలుగోసారీ చచ్చేవాడే గాని హార్మోనియం ఆయన దణ్ణం పెట్టేశాడు. అప్పట్లో నాకు అక్షరమ్ముక్క రాదు. కోరుకొండ తీర్థంలో గోడ మీద కాగితం చూపించి "ఇది ఎవరి ఆటండీ?" అనడిగితే, శనగలమ్మేవాడు ఆయన పేరే చెప్పాడు. మా అమ్మాయిని రెక్క పట్టుకుని లాక్కెళ్ళి ముందు కూర్చున్నాను. తెర లేస్తే రాజు వేషంలో ఎవడో పీలగొంతువాడు! ఆ కోపంతోనే మా అమ్మాయి పలక లాక్కున్నాను. అందరూ అ ఆలు దిద్దుతారు, నేను ఆయన పేరులో నాలుగక్షరాలు దిద్దాను. అ ఆలు తర్వాత వచ్చాయి.

అలాంటిది, భీమవరం దగ్గర రొయ్యల చెరువులు చేసే మా మేనల్లుడు ఫోన్ చేసి, "అత్తా, మీ రాజుగారు మా మేత కంపెనీ మీటింగులో వేషం కడుతున్నారు, వస్తావా?" అన్నాడు. ఆయన స్టేజీ ఎక్కడం మానేసి పదేళ్ళు దాటింది. "ఏం వేషంరా?" అంటే, "రాజేలే, ఇంకేం కడతారు" అన్నాడు. ఇంక ఆ వారం రోజులూ నేను మనిషిని కాను. పట్టుచీర తీసి ఎండలో వేశాను. పాలు పోసే ఆవిడ దగ్గర్నుంచి అందరికీ చెప్పాను. ఈ వయసులో ఆ గొంతు ఉంటుందా, రాగం అందుకోగలడా అని ఒకటే బెంగ.

కల్యాణమండపంలో డీలర్లు బిరియాని ప్లేట్లు ఒళ్ళో పెట్టుకుని, ఒక చేత్తో తింటూ ఒక చేత్తో ఫోన్లు చూసుకుంటున్నారు. ఎముకలన్నీ కుర్చీల కింద. మంత్రి వేషం కట్టింది కంపెనీ సేల్సాఫీసరు, ప్యాంటూ చొక్కా మీదే కండువా వేసుకుని. "ప్రభూ, మన రాజ్యంలో రొయ్యలు ఎదగడం లేదు" అన్నాడు. రాజు దిగులుపడ్డాడు. పడి, పక్కనున్న మేత బస్తా మీద చెయ్యి వేసి పద్యం ఎత్తుకున్నాడు. మేత మీద పద్యం! తింటే ఎంత బలమో, ఎన్నాళ్ళకి చెరువులో వల వేసి పట్టడానికొస్తాయో, కేజీకి ఎన్ని తూగుతాయో, అన్నీ ఉన్నాయి అందులో.

"ఛీ, ఇందుకట్రా నన్ను రమ్మన్నది?"

"ఏంటత్తా, ఆ పెద్దాయనకి మాత్రం గడవద్దా? చికెన్ చల్లారిపోతోంది, తిను."

లేచాను. వాంతొచ్చేంత రోత. ఆ కంపెనీ మీద, నోట్లో మెతుకులతో ఇకిలించేవాళ్ళ మీద, అందరికంటే ఆ బస్తా మీద చెయ్యి వేసిన ఆయన మీద. గుమ్మం దాకా వెళ్ళానో లేదో, పద్యం అయిపోయి రాగం మొదలైంది. రాగానికి మాటలుండవు కదా, అందులో రొయ్యలెక్కడివి? అదే గొంతు. కాస్త బూజు పట్టింది, అంతే. అప్పుడు నేను చెప్పుతో కొట్టుకోవలసిన పని చేశాను. గుమ్మంలో నిలబడి "వన్స్ మోర్" అని అరిచాను. హాలంతా వెనక్కి తిరిగింది. మేనల్లుడు తల దించుకున్నాడు. ఆయన నాకేసి చూసి, నమస్కారం పెట్టి, కిరీటం సర్దుకున్నాడు. పాత పద్యం ఏదన్నా అందుకుంటాడేమో అనుకున్నాను. లేదు. అదే బస్తా మీద చెయ్యి వేసి, ఆ మేత పద్యమే మొదటినుంచీ పాడాడు. నేను ఆఖరిదాకా నిలబడి విన్నాను.

ఆ అసహ్యం ఇంకా దిగలేదు, ఆయన మీదా, నా మీదా. కాలం ఆయన రాజ్యాన్ని తీసుకెళ్ళి రొయ్యల చెరువులో కలిపింది, నా పళ్ళూ మోకాళ్ళూ పట్టుకుపోయింది. ఆ గొంతు దగ్గరికొచ్చేసరికి మాత్రం, చెయ్యి వెయ్యడానికి ఆ కాలం కూడా కాస్త మొహమాటపడినట్టుంది.